మృత్యుముఖమునుండి మరలినవారు: మారిన స్వభావమునకు కారణమేమి?

పల్నాటి సీమలో సత్తెనపల్లికిని పిడుగురాళ్ళకును నడుమ రాజుపాలెము అను ఊరు కలదు. ప్రత్తి, మిరప విరివిగా పండు ప్రాంతమది. వానకాలమున అట్టి ఊళ్ళలో పాముకాటు వింత విషయము కాదు. అక్కడి రైతు నొకని ఊహింపుడు. రాత్రి నేలపై పండుకొనియుండగా అతనిని కట్లపాము కరచినది. తెల్లవారుసరికి కనురెప్పలు వాలిపోయినవి, మాట పడిపోయినది, ఊపిరి ఆడుచున్నదో లేదో తెలియని స్థితి. ఇంటివారు చనిపోయెననియే తలచి ఏడ్వసాగిరి. ఎవరో ఆశ వదలక ఆసుపత్రికి చేర్చిరి. అచట కొన్ని దినములు శ్వాసయంత్రముపై నుంచి, విరుగుడు మందు నెక్కించి బ్రతికించిరి. ఇల్లు చేరిన రైతు మునుపటివాడు కాడు. గట్టు తగాదాకై ఏండ్ల తరబడి కోర్టు చుట్టు తిరిగినవాడు దావా మానుకొనెను. ముక్కుమీద కోపముగల మనిషి మనుమలతో ఆడుకొనుచున్నాడు. చావన్న భయము లేదనుచున్నాడు.

ఊరిలో మూడు అభిప్రాయములు పుట్టును. “యమలోకము చూచి వచ్చినాడు, అందుకే మారినాడు” అని పెద్దలందురు. “విషము తలకెక్కి మతి చలించినది” అని కొందరందురు. “ఇదంతయు వేషము, నాలుగు నాళ్ళుండి పోవును” అని గట్టు తగాదాలో ఎదిరిపక్షమువారందురు. మరునాడు బడిలో ఒక విద్యార్థి లేచి, “ఏది నిజమండీ?” అని ఉపాధ్యాయు నడుగును.

ఈ రైతు కల్పితుడే కాని, ప్రశ్న కల్పితము కాదు. చావు అంచువరకు పోయి మరలినవారు తాము పొందినట్లు చెప్పు విచిత్రానుభవములను మరణసమీపానుభవములని శాస్త్రజ్ఞులు వ్యవహరించుచున్నారు. అట్టివారి స్వభావములో వచ్చు మార్పునుగూర్చి అర్ధశతాబ్దికి పైగా పరిశోధనలు జరిగినవి. ఆ పరిశోధనలు చెప్పిన కారణములలో ఏది ఎంతవరకు నిలుచునో పరీక్షించుట అవసరము. ఏలయన, తప్పు కారణము చెప్పినచో నష్టపోవునది ఆ మనిషియే. దేవుడు పూనినాడని పూజించిన ఇంటివారు చికిత్సకు లొంగు మెదడు జబ్బును చూడక పోవచ్చును. పిచ్చివాడని ఎగతాళి చేసిన ఊరు, నిజముగా మంచిదారి పట్టిన మనిషిని మరల పాతదారికి త్రోయవచ్చును.

మొదట తేల్చుకొనవలసినది, మార్పు నిజమేనా అనునది. స్విట్జర్లాండుకు చెందిన భూగర్భశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ హైమ్ 1871లో ఆల్ప్స్ పర్వతములలో జారిపడి బ్రతికెను. పడుచున్న క్షణములలో తనకు భయమునకు బదులు ప్రశాంతత కలుగుట చూచి ఆశ్చర్యపడి, అట్లే పడి బ్రతికిన ఇతరుల మాటలను సేకరించి 1892లో ప్రకటించెను. అమెరికాలో రస్సెల్ నాయిస్ అను మనోవైద్యుడు ప్రమాదములనుండి, నీట మునుగుటనుండి, తీవ్రవ్యాధులనుండి బయటపడినవారిని విచారించి 1980లో వారి మనోభావములను వర్ణించెను. చావుభయము తగ్గుట, బ్రతుకు విలువైనదను భావము, తనను విధి ఏదో పనికై మిగిల్చినదను నమ్మకము — ఇవి వారిలో తరచుగా కనబడినవి. కెనెత్ రింగ్ మొదలైన తరువాతి పరిశోధకులు ధనముపై, పేరుపై ఆశ తగ్గుటను, ఇతరులయెడ దయ పెరుగుటను చేర్చిరి. ఇన్ని దేశముల వారు, ఇన్ని విధముల ఆపదలనుండి వచ్చినవారు ఒకేరీతిగా చెప్పుచుండగా అంతయు వేషమని కొట్టివేయుట తగదు. ఊరివారి మూడవ అభిప్రాయము ఇచటనే వీగిపోవును.

అయితే మార్పు నిజమైనంతమాత్రమున, దానికి చెప్పిన కారణమును నిజమని గ్రహింపరాదు. ఈ విషయమునుగూర్చిన రచనలలో సామాన్యముగా కనబడు పొరపాటు ఇదియే.

1975లో అమెరికాకు చెందిన రేమండ్ మూడీ “లైఫ్ ఆఫ్టర్ లైఫ్” అను గ్రంథమును ప్రకటించెను. దేహమును విడిచి పైనుండి చూచుట, చీకటి సొరంగము, దాని చివర వెలుగు, చనిపోయిన బంధువుల దర్శనము — ఈ లక్షణములు ఆ గ్రంథము మూలముననే లోకమంతట ప్రచారము పొందినవి. ఇట్టి అనుభవము మనిషిని ఇంతగా మార్చుచున్నది గనుక అతడు చూచినది సత్యమే కావలెనని పలువురు పాఠకులు అనుకొనిరి. ఈ తర్కము నిలువదు. కలలో పామును చూచి చెమటలు పట్టినవాని చెమట నిజమే. అంతమాత్రమున మంచముక్రింద పాము ఉన్నదని చెప్పలేము.

బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థలో పనిచేసిన సత్వంత్ పస్రీచా, అమెరికాకు చెందిన అయాన్ స్టీవెన్‌సన్‌తో కలసి ఉత్తరభారతమునకు చెందిన 16 మంది అనుభవములను 1986లో ప్రకటించెను. ఆ కథనములలో సొరంగమునకు బదులు యమదూతలు కనబడుదురు. దూతలు మనిషిని కొనిపోయి, లెక్కల పుస్తకము ముందుంచుకొన్నవాని ఎదుట నిలుపుదురు. అతడు పుస్తకము చూచి, “తేవలసినది వీనిని కాదు” అని దూతలను కోప్పడి తిరుగ పంపును. తెలుగునాట చిత్రగుప్తుని చిట్టా కథ వినని బాలుడుండడు. కనుక ఈ దృశ్యములు ఎచటినుండి వచ్చినవో ఊహించుట కష్టము కాదు. అమెరికావాడు వెలుగును బంధువులను, ఇచటివాడు దూతలను గుమాస్తాను చూచుచున్నారన్నచో, ఆ దృశ్యమునకు కావలసిన సరుకు కొంతయైనను చూచువాని మనస్సునుండియే లభించినదని చెప్పవలెను.

ఇంతకంటె ముఖ్యమైన ఆధారము 1990లో లాన్‌సెట్ అను వైద్యపత్రికలో వెలువడినది. స్టీవెన్‌సన్, అతని సహచరులు, మరణసమీపానుభవము కలిగినదని చెప్పిన 58 మంది రోగుల వైద్యపత్రములను పరిశీలించిరి. వైద్యసహాయము లేనిచో నిజముగా మరణించియుండువారు 28 మందియే. తక్కిన 30 మందికి ప్రాణాపాయమే లేదు. వారిలో చాలమంది తాము చనిపోవుచున్నామని నమ్మిరి, అంతే. అనగా ఇట్టి అనుభవము కలుగుటకు చావు దగ్గరపడుట తప్పనిసరి కాదు. చావు దగ్గరపడినదను నమ్మకమే కొన్నియెడల చాలును.

ఈ విమర్శను చూచి రెండవ పక్షమువారు సంతోషింపవచ్చును. అంతయు మెదడులోని రసాయనముల, విద్యుత్తు యొక్క ఆటయే అని వారి వాదము. ఈ వాదమునకు బలమైన ఆధారములున్నవి. 2002లో ఓలాఫ్ బ్లాంకె, అతని సహచరులు మూర్ఛవ్యాధిగల ఒక స్త్రీకి చికిత్స చేయుచు, మెదడు కుడిభాగమున ఒకచోట స్వల్పముగా విద్యుత్తును ప్రసరింపజేసిరి. ఆమెకు తాను పైకి తేలి, మంచముపైనున్న తన దేహమును చూచుచున్నట్లు తోచినది. 2013లో మిచిగన్ విశ్వవిద్యాలయమువారు ఎలుకల గుండె నాపి చూడగా, ఆగిన పిదప సుమారు 30 సెకండ్లలో వాటి మెదడులో గామా తరంగములు మునుపటికంటె విజృంభించినవి. అదే విశ్వవిద్యాలయమువారు 2023లో, శ్వాసయంత్రమును తొలగించిన నలుగురు రోగుల మెదడు తరంగములను పరిశీలించి ఇద్దరిలో అట్టి విజృంభణమునే కనుగొనిరి.

కాని ఈ ప్రయోగములు వివరించునది దేనిని? కొన్ని సెకండ్లనో, కొన్ని నిమిషములనో. రైతు దావా మానుకొన్నది ఆసుపత్రి మంచముమీద కాదు, ఇంటికి వచ్చిన పిదప. మనుమలతో ఆట ఏండ్ల తరబడి సాగుచున్నది. అర నిమిషపు విద్యుత్తరంగము ఎనిమిదేండ్ల నడవడికి ఎట్లు కారణమగునో ఈ వాదము చెప్పలేదు. ఆ నలుగురు రోగులును మరణించిరి. వారేమి చూచిరో చెప్పువారు లేరు. ఎలుక తన స్వభావము మారినదని చెప్పదు. అనుభవమునకు కారణము వేరు, తరువాతి మార్పునకు కారణము వేరు కావచ్చునను సంగతిని రెండు పక్షములవారును మరచుచున్నారు. మొదటివారు మార్పును చూపి అనుభవమును నిజమనుచున్నారు. రెండవవారు అనుభవమును వివరించి మార్పును వివరించితిమనుకొనుచున్నారు.

ఈ భేదమును స్పష్టము చేయుటకు తెలుగువారి చరిత్రనుండియే ఒక ఉదాహరణము కలదు. 1918 జులై 9న మచిలీపట్టణమున జన్మించి గుడివాడలో పెరిగిన ఉప్పలూరి గోపాలకృష్ణమూర్తి, యు.జి. అను పేర ప్రసిద్ధుడయ్యెను. 1967లో 49 ఏండ్లు నిండిన వేళ, స్విట్జర్లాండులోని సానెన్ గ్రామమున ఆయనకు ఒక విచిత్రస్థితి కలిగినది. కొన్ని దినములు ఇంద్రియముల పనితీరు మారిపోయినదనియు, చివరకు దేహము చల్లబడి బిగుసుకొని, మరణమువంటిది సంభవించినదనియు ఆయన చెప్పెను. దానికి జ్ఞానోదయమని కాక విపత్తు అని పేరు పెట్టెను. ఆ తరువాత 2007లో ఇటలీలో మరణించువరకు, గురువులు లేరు, మోక్షము లేదు, బోధింపవలసినదేదియు లేదని చెప్పుచు దేశదేశములు తిరిగెను.

ఇది గుండె ఆగి బ్రతికిన కథ కాదు. దీనికి ఆధారము ఆయన మాటలును, దగ్గరనున్న మిత్రుల మాటలును. కనుక దేహమున ఏమి జరిగినదో నిర్ణయించుటకు ఈ కథనము చాలదు. మార్పు విషయమున మాత్రము ఇది చాల బోధించును. 1967కు ముందు ఆయన జీవితమెట్టిది? బాల్యమునుండి దివ్యజ్ఞాన సమాజపు వాతావరణము. 1939లో రమణమహర్షి దర్శనము. పెక్కేండ్లు సమాజము తరపున ఉపన్యాసములు. జిడ్డు కృష్ణమూర్తితో పరిచయము, వాదము. తరువాత సంసారము చెదరి, లండనులో దిక్కుతోచని తిరుగుడు. గురువులయెడ విసుగు ఆయనలో విపత్తునకు ముందే ముదిరినది. విపత్తు తరువాత వచ్చిన భావములు ఆకసమునుండి ఊడిపడినవి కావు. అంతకు ముందరి జీవితము దిద్దినవే.

దీని ప్రక్కనే మరియొక కథను ఉంచి చూడవలెను. 1896లో మధురలో, పినతండ్రి ఇంట, వేంకటరామన్ అను 16 ఏండ్ల బాలునకు ఏ రోగమును లేకయే హఠాత్తుగా మరణభయము కలిగెను. శవమువలె బిగిసి పండుకొని, “చనిపోవునది ఏది?” అని విచారించెను. కొన్ని వారములకే ఇల్లు విడిచి తిరువణ్ణామల చేరెను. ఆ బాలునకే తరువాత, తెలుగు పండితుడైన కావ్యకంఠ గణపతిముని రమణమహర్షి అని పేరు పెట్టెను. ఒకరు మరణానుభవమునుండి వచ్చి ఆత్మయే సత్యమనిరి. మరియొకరు వచ్చి ఆత్మయు లేదు, మోక్షమును లేదనిరి. మరణమే గురువైనచో ఇద్దరు శిష్యులకు రెండు పాఠములు చెప్పియుండదు. ఇద్దరి దేహములును ఆనాడు మృత్యువునకు లొంగినట్లు వైద్యుల సాక్ష్యమును లేదు. అయినను ఇద్దరి జీవితములును మారినవి.

అట్లయిన మార్పును కలిగించునది ఏది? దీనికి సమాధానము 2001లో పిమ్ వాన్ లోమెల్ అను డచ్చి హృద్రోగ వైద్యుడు ప్రకటించిన పరిశోధనలో కొంతవరకు దొరకుచున్నది. నెదర్లాండ్స్ దేశమున 10 ఆసుపత్రులలో గుండె ఆగి బ్రతికిన 344 మందిని బృందమువారు వెంటనే విచారించిరి. 62 మంది, అనగా నూటికి 18 మంది, ఏదో ఒక అనుభవము కలిగినదనిరి. పిదప రెండేండ్లకు, ఎనిమిదేండ్లకు బ్రతికియున్నవారిని మరల కలిసికొనిరి. అనుభవము కలిగినవారిలో చావుభయము తగ్గినది, సానుభూతి పెరిగినది. ఈ మార్పు ఒక్కనాటిలో రాలేదు. స్థిరపడుటకు ఏండ్లు పట్టినది. గమనింపదగిన విషయమేమనగా, ఎనిమిదేండ్లకు చూచునప్పటికి ఏ అనుభవమును కలుగనివారు కూడ కొంత మారియుండిరి. వీరిలో మార్పు తక్కువ, వారిలో ఎక్కువ, అంతే.

వాన్ లోమెల్ దీనినుండి చైతన్యము మెదడునకు అతీతమను నిర్ణయమువైపు మొగ్గెను. ఆయన సేకరించిన ఫలితములు మాత్రము అంత దూరము పోవు. వెలుగును చూడనివాడు కూడ మారినచో, వెలుగే కారణమని చెప్పుట ఎట్లు? గుండె ఆగి తిరిగి కొట్టుకొనుట, “మిగిలినది అరువు బ్రతుకు” అను ఎరుక, ఇంటివారి ఆదరము, జరిగినదానిని మరల మరల తలచుకొనుట — ఇవి ఇరువురకును సమానము. అనుభవము కలిగినవానికి చెప్పుకొనుటకు ఒక కథ కూడ ఉన్నది. కథ ఉన్నవాడు దానిని చెప్పును. వినువారు కొత్త మనిషిగా చూతురు. వారి చూపునకు తగినట్లు అతడు నడచుకొనును. ఏండ్లు గడచుకొలది కొత్త నడవడి అలవాటై, స్వభావమగును. నార్త్ కరోలినాకు చెందిన టెడెస్కి, కాల్‌హూన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 1996లో ఇట్టి మార్పులను కొలుచుటకు ఒక ప్రశ్నావళిని రచించిరి. దానిలో పేర్కొన్న లక్షణములు — బ్రతుకుపై ప్రీతి, బంధుత్వములలో చేరిక, మనోబలము, కొత్త మార్గములు, ఆధ్యాత్మికత — మరణసమీపానుభవము కలిగినవారు చెప్పు మార్పులతో చాలవరకు సరిపోవుచున్నవి. ఈ పండితులు విచారించినది పరలోకమును చూచినవారిని కాదు. కష్టములపాలై నిలద్రొక్కుకొన్న సామాన్యులను.

ఈ వివరణకును లోపములు లేకపోలేదు. అందు మొదటిది, ఆపదకు ముందు ఎవరి స్వభావమును ఎవరును కొలిచి ఉంచరు. “నేను పూర్వము కోపిష్ఠిని” అని చెప్పునది మారిన మనిషియే. కొత్త వెలుగులో పాత చీకటి మరింత నల్లగా కనబడును. రెండవది, మంచి మార్పు కలిగినవారే ముందుకు వచ్చి చెప్పుదురు. భయంకరమైన అనుభవములును కలవనియు, అవి చాలకాలము బాధించుననియు బ్రూస్ గ్రేసన్, నాన్సీ బుష్ అనువారు 1992లో 50 మంది కథనములతో చూపిరి. మూడవది, మెదడునకు నిజముగా దెబ్బ తగులుట. 1848లో అమెరికాలో ఫీనియస్ గేజ్ అను పనివాని తలలోనుండి ఇనుపకడ్డీ దూసికొనిపోగా, బ్రతికిన గేజ్ మునుపటి గేజ్ కాడని మిత్రులనిరి. రక్తప్రసరణము కొన్ని నిమిషములు ఆగినను మెదడు కణములు చెడును. జ్ఞాపకశక్తికి ఆధారమైన భాగము మరింత సులభముగా చెడును. కనుక “మతి చలించినది” అన్న ఊరివారి మాట ప్రతిసారియు తప్పనలేము. మరపు, కారణములేని కోపము, ఏడుపు, నిద్రలేమి, ఏ పనియందును ఆసక్తి లేకుండుట — ఇవి కనబడినచో అది వైద్యునకు చూపవలసిన స్థితి.

రాజుపాలెము రైతు విషయమునకు మరల వచ్చినచో, అతని కథలో మరియొక విశేషము కలదు. కట్లపాము విషము, నాగుపాము విషము నాడులనుండి కండరములకు ఆజ్ఞలు చేరకుండ అడ్డగించును. కనురెప్ప లేవదు, నాలుక కదలదు, చివరకు రొమ్ము కదలదు. ఊపిరి అందుచున్నంతవరకు మెదడు మాత్రము మేలుకొనియే యుండవచ్చును; చెవి వినుచునే యుండవచ్చును. చూచువారికి శవమువలె నున్నవాడు, చుట్టునున్నవారి మాటలన్నియు వినియుండవచ్చును. ఇట్లు కోలుకొన్నవారు, తాము చనిపోయితిమని ఇతరులు చెప్పుకొనుట వింటిమని తెలిపిన సందర్భములు వైద్యగ్రంథములలో కలవు.

అప్పుడు ఆ రైతు ఏమి వినియుండును? భార్య యేడ్పును వినియుండును. అప్పు లెక్కలు మాటాడుకొన్నవారిని వినియుండును. దావా వేసిన ఎదిరిపక్షమువాడే, “ముందు బండి కట్టించండి, ఆసుపత్రికి తీసికొనిపోదము” అని తొందరపెట్టుటను వినియుండును. తిరిగివచ్చి, చనిపోయియుండగా ఎవరేమనిరో చెప్పినచో, ఆత్మ ఇంటి దూలముమీద కూర్చుండి వినినదని జనులందురు. వినినది చెవియే. అట్టి మాటలు వినిన మనిషి దావా మానుకొనుటకు యమలోకము చూచి రానక్కరలేదు. ఇహలోకమునందలి తన స్థానమును ఒకమారు స్పష్టముగా వినిన చాలును.

కనుక ఉపాధ్యాయుడు విద్యార్థికి ఏదో ఒక పక్షమును అప్పగింపనక్కరలేదు. అడుగవలసిన ప్రశ్నలను నేర్పవలెను. మనిషి పూర్వమెట్లుండెనో అతనినే కాక ఇరుగుపొరుగును కూడ అడుగవలెను. ఎంతసేపు ఊపిరి ఆడలేదో, జ్ఞాపకము సరిగానున్నదో వైద్యునిచే తెలిసికొనవలెను. తెలివితప్పినట్లున్న వేళ అతనికి వినబడినదేమో మెల్లగా అడుగవలెను. మార్పు నెలకే పోయెనా, ఏండ్లు నిలిచెనా అని కనిపెట్టి చూడవలెను. అతడు చూచితినని చెప్పుదానిని వెక్కిరింపరాదు. అట్లని దానిని సాక్ష్యముగా స్వీకరింపరాదు.

ఇంతకంటె ముందు నేర్పవలసినది మరియొకటి కలదు. పాము కరచినవాని కనురెప్పలు వాలినంతమాత్రమున అతడు పోయెనని నిర్ణయింపరాదు. ఊపిరి నిలిచినచో నోటితో నూది శ్వాసనందించుచు, మంత్రములకై కాలము వ్యర్థము చేయక ఆసుపత్రికి చేర్చవలెను. దారిలో అతని ప్రక్కన కూర్చున్నవారు, అతడు వినుచున్నాడనియే ఎంచి ధైర్యము చెప్పుచుండవలెను.